కళ్లకు నూటికి నూరు

సీతారామారావు పాతికేళ్లు మామిడికాయల లారీ తోలాడు. యాభై దాటాక ఆయనకు దొరికిన ఉద్యోగం ఏమిటయ్యా అంటే, కారు తోలకుండా కారులో కూచోవడం. చోద్యం కాకపోతే, దానికి జీతమట!

కారు దానంతటదే పోతుంది. తిరువూరు నుంచి ఎ.కొండూరు దాకా, మళ్లీ వెనక్కి. ఏదో కంపెనీ దాన్ని ఈ రోడ్ల మీద పరీక్షిస్తోంది. అది తప్పు చేస్తే బ్రేకు తొక్కడమే ఈయన పని. చెయ్యనంతసేపూ? చూస్తూ కూచోవాలి. ఆ చూడటాన్ని చూడటానికి స్టీరింగు వెనక ఒక కెమెరా. కళ్లు పక్కకు తిప్పినా, నోరు కదిపినా కుయ్యిమంటుంది. వారంలో మూడోసారి మోగితే సీటు దిగాల్సిందే. వెనక సీట్లో లాప్‌టాప్‌తో భువన అనే ఇంజినీరమ్మాయి ఉంటుంది.

ఆ సోమవారం రోడ్డుకు ఒక పక్కంతా మొక్కజొన్నలు ఆరబోసి ఉన్నాయి. పసుప్పచ్చ చీర కట్టుకున్న ముసలావిడ ఒంగి గింజలు తిరగేస్తోంది. గింజల్లో కలిసిపోయిన మనిషిని కారు పోల్చుకోలేదు. సరే, అది యంత్రం. మరి ఈయనగారో? "బాబాయ్!" అని భువన కేక పెడితే కాలు బ్రేకు మీద పడింది. కారు గింజల్లోకి జారి, ఆవిడకు జానెడు దూరంలో ఆగింది.

"కళ్లు నెత్తికెక్కాయా అబ్బాయ్!" అని ఆవిడ చీపురెత్తి తిట్టింది. చెదిరిన గింజలు ఎత్తిపోస్తూ ఆయన ఆవిడ పేరడిగితే, మాణిక్యమ్మ అని విసురుగా చెప్పింది.

సాయంత్రానికి కెమెరా రిపోర్టు వచ్చింది. డ్రైవరు ధ్యాస నూటికి నూరు. పైవాళ్లు శభాష్ అన్నారు.

"నేను చూళ్లేదమ్మాయ్," అన్నాడు సీతారామారావు. "నువ్వరిచావు, కాలు పడింది. అంతే."

"కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి బాబాయ్. వీడియోలో చూశాగా!"

"కళ్లున్నాయిలే. నేను లేను."



ఇంటికొచ్చి కంచం ముందు కూచున్నా అదే ఆలోచన. కునుకు పట్టలేదు, ఫోను చూడలేదు. మరి ఎక్కడికి పోయినట్టు?

"లారీ తోలినన్నాళ్లూ ఇలా కాలేదే," అన్నాడు భార్యతో.

"అప్పుడు మీ నోరు ఊరుకుంటే గదండీ!" అంది నాగేశ్వరమ్మ. "గేదె, గుంత, సైకిలు అని దారంతా వల్లించేవారు. ఒక్కసారి ఎక్కినందుకు నా చెవులు చిల్లులు పడ్డాయి."

నిజమే. మర్నాడు కారెక్కి మెల్లగా అన్నాడు. "గేదె." కుయ్యిమంది.

"మాట్లాడకండి బాబాయ్, ధ్యాస తప్పినట్టు రాసేస్తుంది," అంది భువన.

కాసేపటికి, "ట్రాక్టరు." ఈసారి అనుకోకుండా వచ్చేసింది. మళ్లీ కుయ్యి. నోరు మూస్తే మనిషి ఉండడు, తెరిస్తే ఉద్యోగం ఉండదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కెమెరా అబద్ధమాడదంటున్నారు. అయితే తను అబద్ధమా? ఆయన బుర్ర తిరిగిపోయింది.

పళ్లు బిగబట్టి కూచున్నాడు. రోడ్డు జారిపోతోంది. ఉన్నట్టుండి ఎదురుగా పసుప్పచ్చగా మొక్కజొన్నలు. ఇంతదూరం ఎప్పుడొచ్చాం? అయ్యో, మళ్లీ పోయానే! అక్కడ కనిపించేది గింజలా, చీరా? తేలలేదు. ఒళ్లంతా భయం పట్టుకుంది.

"మాణిక్యమ్మ పిన్నీ!" అని గొంతు చించుకుని అరిచి బ్రేకు తొక్కాడు.

మూడోసారి కుయ్యిమంది. గింజల మీద ఎవరూ లేరని అప్పుడు తేటగా కనబడింది. కల్వర్టు గోడ మీద టీ తాగుతున్న మాణిక్యమ్మ గ్లాసుతో సహా లేచి వచ్చింది.

"ఏంటబ్బాయ్ ఆ అరుపు? నేనక్కడ లేను గదా!"

సీతారామారావు సీటు బెల్టు విప్పుకుని కిందికి దిగాడు.

"ఇవాళ లేవని చూశాను పిన్నీ. నిన్న ఉన్నావనే చూళ్లేదు."