పదిహేడో నంబరు అతుకు

ఆ మేస్త్రి మీద నా పగ ఇప్పటికీ చల్లారలేదు. చల్లార్చుకోవాలని నేను పెద్దగా ప్రయత్నించిందీ లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, సూరత్‌లో తాపీ ఒడ్డున, సరుకు మోసే బార్జీలు కట్టే యార్డులో వెల్డర్‌గా చేరాను. ఏడో తరగతిలో బడికీ నాకూ చెడింది. ఇనుముతో మాత్రం కుదిరింది. మేస్త్రి మా జిల్లావాడే, వరస కలిపి మామా అనేవాణ్ణి. అక్కడ ప్రతి వెల్డర్‌కూ ఒక నంబరు. అతుకు పూర్తవగానే పక్కన సుత్తితో ఆ నంబరు అచ్చు కొట్టాలి. నాది పదిహేడు. అచ్చులన్నీ మేస్త్రి పెట్టెలో ఉండేవి.

బార్జీ డెక్కు మధ్యలో సరుకు దించడానికి పెద్ద నోరు కోస్తారు. ఒక బార్జీకి ఆ నోటి మూలన ప్లేటు పొట్టిగా కోశారు. రెండు ప్లేట్ల మధ్య వేలు దూరేంత సందు మిగిలింది.

"గందుల రాడ్ ముక్కలు వెట్టి పైకెల్లి కొట్టెయ్‌రా," అన్నాడు మేస్త్రి.

"గది అతుకు గాదు మామా, పంట్ల ఇరికిన పుల్ల."

"ఏడు సదివినోనివి, నాకు పాఠం జెప్తవా?"

"నువ్వు మూడే గదా మామా. నాలుగు క్లాసులు పెద్దోణ్ణి."

అందరూ నవ్వారు. నవ్వించడం నాకు పాత జబ్బు. దాని మందు ఆయన ఆ రోజే నూరిపెట్టాడు. ఆ పని తన బావమరిదితో చేయించి, పక్కన నా పదిహేడు కొట్టించాడు. ఆ సంగతి నాకు తెలిసింది, కొన్ని ట్రిప్పులకే మూల పగిలి, యార్డు యజమాని శేఠ్ నంబరు చదివినప్పుడు. నన్ను గేటు బయటికి పంపారు. మాట పాకి, ఆ ఒడ్డున ఏ యార్డూ నన్ను రానివ్వలేదు.

పవర్‌లూమ్ కార్ఖానాలో చేరాను. ఆ చప్పుడులో నాకు ఒకటే ధ్యానం: ఆ బార్జీ ఎప్పుడు రెండు ముక్కలవుతుంది, మేస్త్రి ఎప్పుడు మునుగుతాడు? దాని మీద పనిచేసే ఖలాసీలు కూడా మునుగుతారని గుర్తొస్తే మాత్రం నా పగ ముఖం మాడ్చుకునేది.

నా గదిలో ఉండే యార్డు కూలీ ఒకరోజు కబురు తెచ్చాడు. మేస్త్రి పగులు మీద పైపైన వెల్డింగ్ కొట్టించాడట. అది మళ్లీ విచ్చుకుని మూరెడు పొడవైందట. రేపు బార్జీని తనిఖీ చేసే సర్వేయర్ వస్తున్నాడట. మర్నాడు మగ్గం ఎగ్గొట్టి, వాచ్‌మన్‌ను నవ్వించి లోపలికి దూరాను.

సర్వేయర్ మూలన, పగుళ్లలోకి ఇంకే ఎర్రమందు చల్లి, తుడిచి, తెల్ల పొడి కొట్టాడు. ఆ తెలుపు మీద పగులు పాపిట్లో కుంకుమలా తేలింది.

"ఏందిరా, ఎందుకొచ్చినవ్?" అన్నాడు మేస్త్రి.

"నా పేరున పుట్టిన పిల్లను జూసిపోదామని, మామా."

నాది పుర్రచెయ్యి. అందరూ ఎడమ నుంచి కుడికి కొడితే నేను కుడి నుంచి ఎడమకు కొడతాను. కరిగిన ఇనుము చిన్న చిన్న అలలుగా గడ్డకడుతుంది. చేయి ఎటు నడిచిందో ఆ అలలే చెప్తాయి. మేస్త్రి మళ్లీ కొట్టించని చివర పాత అతుకు అలాగే ఉంది, అలలు ఎడమ నుంచి కుడికి. వచ్చీరాని హిందీలో సర్వేయర్‌కు అదే చూపించాను. ఆయన నా చేత పక్కనే ఒక తుక్కు ముక్క మీద కొట్టించి, రెండిటినీ పోల్చి చూశాడు. తర్వాత అతుకును గ్రైండర్‌తో చీల్చమన్నాడు. రాడ్ ముక్కలు ఒక్కొక్కటిగా రాలాయి. శేఠ్ ఒకటి తీసి మేస్త్రి జేబులో పెట్టాడు. బావమరిది తన చెప్పులను అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

"రాడ్లొక్కటే కాదు, మూల చదరంగా కోశారు. బరువంతా అక్కడే పోగవుతుంది," అన్నాడు సర్వేయర్. నాకు వెంటనే ఎక్కింది. సలాబత్‌పురా బజారులో బట్టల కొట్టువాడు గుడ్డ తాను అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి లాగుతాడు. ఆ గాటు నుంచి బట్ట చివరిదాకా చిరుగుతుంది. ఈ మూల అలాంటి గాటే. ఆ ముక్క మొత్తం కోసి, గుండ్రటి మూలతో కొత్త ప్లేటు వేయాలని తేల్చారు.

శేఠ్ నన్నే చేయమన్నాడు. సరే, కింద దీపం మేస్త్రి పట్టుకోవాలన్నాను.

మే నెల మధ్యాహ్నం, బార్జీ కడుపులో మేమిద్దరం. రాడ్లను పొయ్యిలో ఆరబెట్టించాను, తడి రాడ్ కొడితే అతుకు లోపలే పగులుతుంది. ఒక్కో పొర కొట్టి, పెచ్చు ఊడగొట్టి, మెరిసేదాకా బ్రష్‌తో తోమి, మరో పొర. పని అలాగే చేయాలి. అంత నెమ్మదిగా చేయాలని మాత్రం ఎక్కడా లేదు.

"మామా, జర దగ్గరికి. జర మీదికి."

నిప్పురవ్వలు ఆయన భుజం మీద రాలుతున్నాయి.

"ఇంకెంత సేపురా?"

"అయిపాయె మామా, ఒక్క పొర."

పొరలన్నీ ఎప్పుడో అయిపోయాయి. బ్రష్ తీసుకుని మళ్లీ మొదటి నుంచి తోమడం మొదలుపెట్టాను.