మూడో కొటేషన్ వచ్చేసరికి

చందానగర్‌లో ఇప్పుడు మా ఫ్లాటు బాల్కనీలో నిలబడితే ఎదుటి ఫ్లాటువాళ్ళ బాల్కనీ, దానిమీద ఆరేసిన తువ్వాళ్ళూ కనిపిస్తాయి. ఆ రోజుల్లో, అంటే డెబ్భైల మొదట్లో, ఇదే దిక్కుకి తిరిగితే చెరువు కనిపించేదని చెబితే మా మనవరాలు "తాతా, మళ్ళీ మొదలెట్టావా" అంటుంది. దాని తప్పేం లేదు. బొంబాయి రోడ్డు మీద ఎప్పుడో ఒక లారీ, రోడ్డుకి అటూఇటూ జొన్న చేలు, సీతాఫలం పొదలు, ఎవరో తీరిగ్గా పేర్చి మరిచిపోయినట్టు ఒకదాని మీద ఒకటి బండరాళ్ళు. మాదాపూర్ వెళ్ళొచ్చామంటే అడివికి వెళ్ళొచ్చినట్టే. అలాంటి చోట, సముద్రానికి అంత దూరాన, రాళ్ళ మధ్య కూర్చుని మేం తెరచాప పడవకి తాడు బిగించే సామాను ఎంపిక చేశాం. చాలా బాగా ఎంపిక చేశాం. ఆ మాట ఎవరి ముందైనా చెప్పగలను. అంతకు మించి చెప్పుకోవడానికి ఏమీ మిగలకపోవడమే నా బాధ.

మేం అంటే నేనూ, మా బాబాయీ. నాన్నకి ఆఖరి తమ్ముడు, ఓ సర్కారు ఆఫీసులో కొనుగోళ్ళ విభాగంలో గుమాస్తా. నా డిగ్రీ అవగానే అదే ఆఫీసులో టపా పంపే సీట్లో తాత్కాలిక ఉద్యోగం దొరికితే, ట్రంకు పెట్టెతో వచ్చి వాళ్ళింట్లో దిగాను. (తాత్కాలికం ఉద్యోగమే, దిగడం కాదు.) బాబాయికి జీవితంలో ఒకటే సూత్రం: మూడు కొటేషన్లు లేకుండా ఏదీ కొనరాదు. అందరికీ అది ఆఫీసు రూలయితే ఆయనకి అది ఆచారం. "ఒకటి చూస్తే మోజు, రెండు చూస్తే తగాదా, మూడు చూస్తేనే నిర్ణయం" అనేవాడు. చీపురు కొనాలన్నా మూడు కొట్లు ఎక్కి దిగేవాడు. పిన్నిని కూడా మూడు సంబంధాలు చూశాకే చేసుకున్నాడు. "నేను మూడోదాన్ని కాబట్టి సరిపోయింది. మొదటిదాన్నయితే ఇంకా ఆలోచిస్తూ ఉండేవారు" అనేది పిన్ని, మాకు వేడన్నంలో నెయ్యి వేస్తూ.

పిన్నిది గోదావరి కాలవ గట్టు మీది ఊరు. వాళ్ళ నాన్నకి ధాన్యం మోసే తెరచాప పడవలుండేవి. ఆవిడ నడక నేర్చింది నేల మీద కాదు, పడవ చెక్క మీదేనట. పెళ్ళయి ఈ రాళ్ళలోకి వచ్చాక బిందెలో నీళ్ళు తప్ప ఎరగదు. అయినా నోరు తెరిచి ఏదీ అడిగే మనిషి కాదు. ఒక ఆదివారం, వానలకి చెరువు నిండి అలుగు పారుతున్నప్పుడు, వంటింటి కిటికీలోంచి చూస్తూ, "ఒక్కసారి తెరచాప పడవలో కూచుంటే బాగుణ్ణు. గాలికి తాడు బిగిసినప్పుడు ఓ చప్పుడవుతుంది. అది విని ఎన్నాళ్ళయిందో" అంది. నాతో కాదు, బాబాయితో కాదు, చేతిలో ఉన్న వంకాయతో చెప్పినట్టు చెప్పింది. బాబాయి పేపరు మడిచి పక్కన పెట్టి, "కట్టిస్తాను" అన్నాడు. పల్నాడులో పుట్టిన మనిషి, ఈత రాదు, బావిలోకి తొంగి చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. ఆయన మూడు చూడకుండా అన్న మాట నాకు తెలిసి అదొక్కటే.

పడవ కట్టింది ఊళ్ళోని వడ్రంగి. మేం వడ్ల పెద్దాయన అనేవాళ్ళం. ఎడ్లబండ్లు చేసే చెయ్యి, పడవని ఎన్నడూ చూసింది లేదు. బాబాయి కోఠీలో పాతపుస్తకాలవాళ్ళ దగ్గర కొన్న ఇంగ్లీషు పుస్తకంలో బొమ్మలు చూపిస్తే, "చక్రాలు లేని బండి. గంతే గద సారూ" అన్నాడు. అనుకున్నదానికంటే త్వరగానే కట్టేశాడు. తారు పూశారు, నిలువు కొయ్య నాటారు, పిన్ని దుప్పట్లు కలిపి తెరచాప తనే కుట్టింది. దసరాకి పడవెక్కుతానని పక్కింటివాళ్ళతో చెప్పుకుంది కూడా. బాబాయి ఆ పుస్తకం అక్కడితో మూసేసి ఉంటే ఎక్కేది. ఆయన తాళ్ళ అధ్యాయం చదివాడు.

తెరచాపని లాగి పట్టే తాడుని ఎంతసేపని చేత్తో పట్టుకుంటాం? దాన్ని చుట్టి నిలపడానికి పడవ అంచున రెండు కొమ్ములున్న బిగింపు ఒకటి ఉంటుంది. క్లీట్ అంటారట. అరచేతిలో పట్టేంత వస్తువు. అది ఊడినా, తాడు దానిమీంచి జారినా పడవ మన మాట వినదని రాసి, ఆ పుస్తకం రాసిన దొర ఊరుకోకుండా కింద ఒక బొమ్మ కూడా వేశాడు. ఒరిగిపోయిన పడవ, నీళ్ళలో మనుషులు. బాబాయి ఆ బొమ్మని చాలాసేపు చూశాడు. "ఒరేయ్, మీ పిన్నిని కూచోబెట్టేది ఇందులోరా" అన్నాడు మెల్లిగా. ఆ రోజునుంచీ పడవంతా ఒక ఎత్తు, ఆ కొమ్ముల ముక్క ఒక ఎత్తు అయి కూర్చుంది.

మొదటిది రాణీగంజ్‌లో కొన్న ఇత్తడిది. రెండోది వడ్ల పెద్దాయన టేకుతో చెక్కినది. ("గిదేంది సారూ, మ్యాక కొమ్ములు" అని నవ్వుతూనే చెక్కాడు.) రెండూ బాగున్నాయి. ఏదో ఒకటి బిగించి పడవని నీళ్ళలోకి తోసెయ్యొచ్చు. ఆ పూట నేను నోరు మూసుకుంటే సరిపోయేది. డిగ్రీ చదివిన నోరు, ఊరుకుంటుందా? పుస్తకం తిరగేసి, "బాబాయ్, ఇదిగో పళ్ళున్న బిగింపు. తాడు మధ్యలో పెట్టి లాగితే అదే కరుచుకుంటుందట. చుట్టే పనే లేదు" అన్నాను. బాబాయి మొహం వెలిగిపోయింది. అది నచ్చి కాదు, మూడోది దొరికిందని. అలాంటివి బొంబాయిలో దొరుకుతాయని ఎవరో చెప్పారు. మా ఆఫీసుకి సరుకు తెచ్చే లారీ డ్రైవరు, అందరూ చాచా అనే పెద్దమనిషి, "ఫికర్ చెయ్యకుండ్రి సాబ్, వచ్చే ట్రిప్పుల తెస్త" అన్నాడు. వచ్చే ట్రిప్పులో తలుపు గొళ్ళెం తెచ్చాడు. ఆ పైట్రిప్పులో, పళ్ళుంటాయి, కరుచుకుంటుంది అని నేను ఇంకాస్త వివరంగా చెప్పిన పుణ్యాన, ఎలుకల బోను తెచ్చాడు.

చెరువు మధ్యలో ఒక బండ ఉండేది. ఊరివాళ్ళు బర్రెబండ అనేవాళ్ళు. చెరువు నిండుగా ఉంటే నీళ్ళలో పొర్లే గేదె వీపులాగా పైభాగం మాత్రం కనిపించేది. పిన్నికి అదే గడియారం. "బర్రెబండకి పొట్ట కనిపిస్తోందండీ" అంది దసరా వెళ్ళాక. "చూస్తున్నాం పిన్నీ, లారీ రావాలిగా" అన్నాను నేను, ఏదో నా చేతిలోనే బొంబాయి ఉన్నట్టు. "రెండు మేకులు కొట్టి తాడు చుట్టండి చాలు. మా నాన్న పడవకి ఇత్తడీ లేదు, బొంబాయీ లేదు. ఉత్త కొయ్యకి చుట్టేవాడు" అంది. "మీ నాన్నకి ఈత వచ్చు కదా" అన్నాడు బాబాయి.

లారీ వచ్చేలోపల ఉన్న రెండింటినీ పరీక్షించేద్దామన్నాడు బాబాయి. రెండింటినీ వసారా స్తంభానికి బిగించాం. తెరచాప మీద గట్టి గాలి పడితే ఎంత లాగుతుంది? ఒక గేదె లాగినంత, అని తేల్చాడు. (ఏ లెక్కన తేల్చాడో ఇప్పటికీ నాకు తెలియదు. అప్పుడు మాత్రం తల గట్టిగా ఊపాను.) వడ్ల పెద్దాయన ఇంటికి వెళ్ళి గేదెని అడిగాను.

"బర్రెతోని మీకేం పని?"

"గాలి కింద వాడుకుంటాం."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "జర పైలం మరి. ఆగుమంటె ఆగదు అది" అని తోలుకొచ్చాడు.

తాడు ఒక కొస టేకు కొమ్ములకి చుట్టి, రెండో కొస గేదెకి కట్టాం. అదిలిస్తే కదల్లేదు. కుడితి చూపిస్తే ఒకసారి చూసి మొహం తిప్పుకుంది. బాబాయి బతిమాలాడు, నేను తోక మెలేశాను, ఏమీ లాభం లేకపోయింది. అంతలో వంటింట్లో పిన్ని చేతిలోంచి పళ్ళెం జారి ఖంగుమంది. ఆ చప్పుడుకి గేదె బెదిరి పరుగందుకుంది. తాడు తెగలేదు, కొమ్ములు ఊడలేదు. స్తంభం ఊడింది. దాని వెనకాలే వసారా పెంకులు, తొందరేం లేదన్నట్టు, ఒక్కొక్కటే జారడం మొదలెట్టాయి. గేదె స్తంభాన్ని ఈడ్చుకుంటూ జొన్న చేలో పడితే బాబాయి పంచె ఎగ్గట్టి దాని వెంట పడ్డాడు. గేదెని ఆపడానికనుకున్నాను. కాదు, కొమ్ములు చూడటానికి. "చెక్కు చెదరలేదురా" అని చేలోంచి సంబరంగా కేకేశాడు. ఇంటి ఓనరు వచ్చి, పెంకుల మధ్య నిలబడ్డ నన్ను చూసి, "ఏంది సారూ, కిరాయికిస్తే ఇల్లే ఇప్పుతున్నరా" అన్నాడు. వసారా బాగుచేయించడానికి మా బాబాయి ఎంతమందిని పిలిచి కొటేషన్లు అడిగాడో వేరే చెప్పాలా?

శివరాత్రి దాటాక అసలైన పళ్ళ బిగింపు బొంబాయి నుంచి దిగింది. మూడింటినీ పీట మీద వరసగా పెట్టి, తడి తాడుతో ఓసారి, పొడి తాడుతో ఓసారి లాగి చూశాం. వాదించుకున్నాం. చివరికి ఇద్దరికీ నచ్చింది రాణీగంజ్ ఇత్తడిదే. అందరికంటే ముందు మా ఇంటికి వచ్చి, గేదె పరీక్ష పూట తప్ప ఆరునెలలుగా బల్ల సొరుగులో కూర్చున్నది.

మంచిరోజు చూసి పడవని ఎడ్లబండి మీదకి ఎక్కించాం. కొబ్బరికాయ, నిమ్మకాయలు, పసుపు రాసిన కొత్త తాడు. పిన్ని ఆకుపచ్చ నేతచీర కట్టుకుంది. గట్టెక్కి చూద్దుం కదా, బర్రెబండ నాలుగు కాళ్ళూ బయటపెట్టి నిలబడి ఉంది. దాని చుట్టూ నెర్రెలిచ్చిన బురద, నడిమధ్యన కాసిని నీళ్ళు, వాటిలో మోకాళ్ళు కూడా తడవకుండా నడుస్తున్న కొంగలు. పిన్ని బండ సంగతి చెప్పడం మానేసి చాలా రోజులైంది. మానేసిందని కూడా మేం గమనించలేదు. వంటింటి కిటికీలోంచి రోజూ చూసే ఆవిడకి చెరువు ఇలా ఉందని తెలుసు. తెలిసే చీర కట్టుకుని వచ్చింది, ఆయన సంబరం చూసి చెప్పలేక.

"దింపమంటరా, బండి ఇంటికి మర్లియ్యమంటరా" అన్నాడు వడ్ల పెద్దాయన. "దింపండి" అంది పిన్ని. బురద మీద పడవ దింపితే, చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని ఎక్కి కూర్చుంది. "తెరచాప ఎత్తండి" అంది. బాబాయి ఎత్తి, తాడు లాగి ఇత్తడి కొమ్ములకి చుట్టాడు. ఎండిన చెరువు మీంచి వేడిగాలి వచ్చింది. తెరచాప ఉబ్బింది, తాడు బిగిసి గుయ్యిమంది. పడవ కదల్లేదు, ఎక్కడికని కదులుతుంది? పిన్ని కళ్ళు మూసుకుని ఆ చప్పుడు విన్నది. కాసేపయ్యాక కళ్ళు తెరిచి, "కొమ్ములు బాగున్నాయండీ. గట్టివి" అంది. బాబాయి అటు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాడు.

మరుసటేడు వానలు మొహం చాటేశాయి. ఆ పైన బాబాయికి ఆదిలాబాద్ బదిలీ అయింది. పడవని వడ్ల పెద్దాయనకి వదిలేశాం. ఆయన దాన్ని కుడితి తొట్టి చేశాడు. మా వసారా పీకిన ఆ గేదే అందులో మూతి పెట్టి తాగుతుంటే, వెళ్ళేరోజు చూశాను. ఇత్తడి కొమ్ముల్ని మాత్రం పిన్ని ముందే ఊడదీయించి తన పెట్టెలో పెట్టుకుంది. ఆ తర్వాత వాళ్ళు ఏ ఊళ్ళో ఏ ఇంట్లో ఉన్నా దండెం తాడు వాటికే చుట్టి ఉండేది. బాబాయి పోయి చాలా ఏళ్ళయింది. పిన్నిని ఇంకెప్పుడూ పడవెక్కించలేకపోయాడు. పాపం ఆయనది ప్రేమ, అందుకు ఆలస్యమైంది. నాది ఉత్త తెలివి. రెండూ కలిసి ఆవిడ ముచ్చట ముంచాయి.

పోయిన చలికాలం మా మనవరాలు, "మాదాపూర్ చెరువులో బోటింగ్ ఉంది కదా, పిన్నమ్మమ్మని తీసుకెళ్దాం" అంది. పిన్ని ఇప్పుడు గచ్చిబౌలిలో కూతురి దగ్గర ఉంటుంది. నేను వెంటనే ఫోను తీసి, ఏ పూట రద్దీ తక్కువ, ఇంకెక్కడైనా ఇంతకన్నా మంచి పడవలున్నాయా అని చూడటం మొదలెట్టాను. మనవరాలు ఫోను లాక్కుని జేబులో వేసుకుంది. అలా వెళ్ళాం. చుట్టూ అద్దాల మేడలు, పైన వంతెన. రేవు దగ్గర లైఫ్ జాకెట్లు ఇచ్చే మనిషి రెండు ఇచ్చాడు. ఒకటి బిగువు, ఒకటి వదులు. ఇంకోటి ఉంటే చూపించమన్నాను. "అన్ని గసొంటియే పెద్దాయనా" అన్నాడు.

వెనక్కి తిరిగితే పిన్ని అప్పటికే పడవలో ఉంది. మనవరాలి చెయ్యి పట్టుకుని, మోకాళ్ళ నొప్పి మోకాళ్ళదే అన్నట్టు, దగ్గరున్న పడవలోకి ఎక్కేసింది. మోటారు పడవ, తెరచాప లేదు, బిగిసే తాడూ లేదు. చేతిసంచీలోంచి ఆ ఇత్తడి కొమ్ముల్ని తీసి, తనకీ మనవరాలికీ మధ్యన సీటు మీద పెట్టింది.

"ఆయనకి ఈత రాదు కదే. మధ్యలో ఉంటే భయం ఉండదు" అంది.

నేను ఒడ్డునే ఉన్నాను, చేతిలో రెండు జాకెట్లతో. పిన్ని నన్ను చూసి నవ్వింది.

"ఎక్కరా. మళ్ళీ బర్రెబండకి కాళ్ళొచ్చేదాకా నిలబడకు."

చేతికందింది తొడుక్కుని ఎక్కాను. అది చిన్నపిల్లలదట, బొత్తాం కూడా పట్టలేదు.