మామ ఆపిన చోటు, ఇరవై నాలుగు ఫొటోల్లో

మా మేనమామ మగ్గం మీద సగం నేసిన చీర వదిలేసి పోయి పదహారు రోజులు. పెద్దకర్మ అయ్యేదాకా ఆ ఇంట్లో మగ్గం ముట్టరు. ఆర్డరు చీర కాబట్టి ఈరోజు మధ్యాహ్నం పక్కింటి గోపాలన్న కూర్చుని పూర్తి చేస్తాడు. ఆ తర్వాత మామ ఎక్కడ ఆపాడో ఎవరికీ తెలియకుండా పోతుంది. ఆ చోటు ఫొటో తీసిపెట్టమని అత్త ఫోన్ చేసింది.

చెన్నై సెంట్రల్‌లో పొద్దున ఐదు దాటాక లోకల్ ఎక్కాను. కడంబత్తూరు దాటాక కిటికీ పక్కన చోటు దొరికింది. తిరుత్తణికి రెండు గంటలు, అక్కడి నుంచి పళ్ళిపట్టు బస్సులో ఇంకో గంట పైన. అంతా కలిపి వంద రూపాయల లోపే. నా కెమెరా స్టాండు సంచి చూసి కండక్టర్, "ఏందన్నా, తుపాకీనా? సీక్రం పైన పెట్టు, బస్సు కదలాల" అన్నాడు. నవ్వు రాలేదు.

మామ ఇంట్లో మగ్గం పైన దూలాలు అడ్డం, పై నుంచి తీయడం కుదరదు. అందుకని కెమెరాను ఒక అంచు పక్కన పెట్టి, మామ అడ్డంగా వేసిన చివరి పేక పోగు వెంట అవతలి అంచు దాకా చూడాల్సి వచ్చింది. అంత దగ్గర్లో లెన్సు వేలెడు మేరే స్పష్టంగా చూపిస్తుంది. ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ ఇరవై నాలుగు ఫొటోలు తీసి, ల్యాప్‌టాప్‌లో ఒకటిగా కలిపాను. బ్రహ్మాండంగా వచ్చిందని మురిసిపోయాను.

అత్త కూడా నేత మనిషే. తెర మీదికి వంగి ఫొటో అంచు మీద గోరు పెట్టింది. "అల్లుడా, ఇన్ని పోగులు యాడ నుంచి వచ్చినాయి? మీ మామ ఇట్ల నెయ్యలేదు."

దగ్గరికి తెచ్చి చూస్తే నిజమే. మధ్యలో బాగానే ఉంది, అంచుల్లో పోగులు రెండేసి కనిపిస్తున్నాయి. ఫోకస్ జరిపినప్పుడల్లా లెన్సు బొమ్మను రవ్వంత పెద్దదో చిన్నదో చేస్తుంది. నేను ఫొటోలను పక్కకు జరిపి సరిపెట్టమన్నానే గానీ, సైజు కూడా సరిచేయమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పలేదు. ఈసారి అదీ చెప్పాను. పోగులు ఒక్కటయ్యాయి, కానీ సైజులు సరిపెట్టడంలో చుట్టూ కత్తిరింపు పడి, అంచున వేలాడుతున్న, మామ చేతిలోంచి జారిన పోగు కొస ఫొటోలోంచి ఎగిరిపోయింది.

అప్పటికే గోపాలన్న వచ్చి గడప దగ్గర నిలబడి ఉన్నాడు. సిగ్గేసింది. "అన్నా, ఇంకొక్క అరగంట" అన్నాను.

"తీసుకోప్పా. ఆయన ముప్పై ఏండ్లు కూర్చున్న చోటు. అరగంటకేమి?"

కెమెరాను వెనక్కి జరిపి, చుట్టూ ఖాళీ వదిలి మళ్ళీ ఇరవై నాలుగూ తీశాను. ఈసారి అత్త అంచు పోగులు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. "ఇంతే. ఇది మీ మామది" అని, పేక పోగు వేసే నాడె తీసి తనే గోపాలన్న చేతికిచ్చింది. మగ్గం చప్పుడు మొదలవగానే నాకు ఏడుపు ఆగలేదు.

ఆ మొదటి ఫొటోను అందరికీ చూపించి ఉంటే మెచ్చుకునేవాళ్ళే. మామ వెయ్యని పోగులు మామ పేరు మీద చలామణీ అయ్యేవి. ఆ సంగతి నాకు కెమెరా పుస్తకాలు నేర్పలేదు, అత్త గోరు నేర్పింది. మీరూ ఇలాంటి పనికి వెళ్తుంటే ఒక్క మాట: ఫ్రేము చుట్టూ ఖాళీ వదలండి, సైజు సరిచేసే ఆప్షన్ పెట్టండి, అక్కడే కూర్చుని కలిపి అంచులు చూసుకోండి. నాడె ఒక్కసారి కదిలిందంటే, మళ్ళీ తీయడానికి ఆ చోటు ఉండదు.