కౌవా సేమ్య

మొన్న మనుమరాలు పట్నంల హోటలుకు తీస్కపోయి నా ముందర ఒక గిన్నె పెట్టించింది. "బర్మా వంట అవ్వా, జర తిని చూడు" అన్నది. కొబ్బరిపాల పులుసు, అందుల సేమ్యలు, మీద సగం కోడిగుడ్డు. పేరు చెప్పకముందే గుర్తుపట్టిన. చెంచా ముట్టలే.

అది మా చిన్నమ్మ వండేది. ఆమె, చిన్నాయన రంగూన్ల బియ్యం మిల్లు పనికి పోయిన్రు. యుద్ధంల బాంబులు పడితే మందితోని కొండలెంబడి నడిచొచ్చిన్రు. దారిల చిన్నాయనకు చలిజ్వరం. "నువ్వు నడువు, నేను ఎనక వస్త" అన్నడంట. చిన్నమ్మ ఒక్కతే ఇటిక్యాల కాడి మా ఇల్లు చేరింది, బొక్కలు తేలి. గాజులు మాత్రం తియ్యలే. "వస్తనన్నడు, వస్తడు" అనేది. పెబ్బేరు సంతకు ఎవరు పోయినా, రంగూన్ నుంచి ఎవరన్న వచ్చిన్రేమో అడుగుమనేది.

మా దిక్కు కొబ్బరికాయంటే దేవునికి కొట్టేదే. ఆ చిప్పలే దాసిపెట్టి, రోట్ల నూరి పాలు పిండేది. బియ్యప్పిండిని మురుకుల గొట్టంల ఒత్తి ఉడకబెట్టేది, శనగపిండితోని పులుసు చిక్కగ జేసేది. మొదటి గిన్నె చిన్నాయనదని మూతపెట్టి పక్కకుంచేది. పేరడిగితే "ఖౌస్వే" అన్నది. నాకప్పుడు పన్నెండేండ్లు, నోరు ఊకుంటదా? పక్కింటి సాయిబుల పిల్లలతోని తిరిగి నాలుగు ఉర్దూ ముక్కలు నేర్చిన పొగరొకటి. "ఖౌస్వే కాదు, కౌవా సేమ్య! కాకులు తినే సేమ్య!" అన్న. ఇంటిల్లిపాది నవ్విన్రు. చిన్నమ్మ గూడ నవ్వింది. అదే పేరు ఖాయమైంది.

పెత్రమాస వచ్చింది, చచ్చిపోయిన పెద్దలకు పెట్టే దినం. ఆనాడూ చిన్నమ్మ అదే వండి, గిన్నె పక్కకుంచి నీళ్లకు పోయింది. మా జేజికి, చిన్నాయనను కన్నతల్లికి, చెవులు సరిగ వినపడవు. కౌవా సేమ్య, కౌవా సేమ్య అని మేం అంటుంటే, అది నిజంగ కాకులకు పెట్టేదే అనుకున్నది పాపం. మూత తీసి మిద్దె మీద పెట్టొచ్చింది. చిన్నమ్మ బిందెతోని వచ్చేసరికి కాకి తింటున్నది.

"ఎవరి గిన్నె అది?" అన్నది. పెత్రమాస నాడు పెట్టింది కాకి ముట్టిందంటే చచ్చినోళ్లకు చేరినట్టే. చిన్నమ్మ బిందె దించి, రోలు కాడ కూసోని రెండు చేతుల గాజులు పగలగొట్టుకున్నది. జేజి ఉరికొచ్చి ఆ చేతులు పట్టుకున్నది.

"చచ్చినోళ్లల్ల నా కొడుకు పేరు నేను తియ్యలేదే! నా నోటితోని అనలేదే!"

"మీరనలే అత్తా, కాకి చెప్పింది" అన్నది చిన్నమ్మ. మళ్ల ఎన్నడూ అది వండలే, సంతకు పోయేటోళ్లను ఏమీ అడగలే.

ఇప్పుడు లెక్కేస్తే చిన్నాయనకు నూరేండ్లు దాటినై, ఇగ బతికుండడు. ఆ మాట చెప్పనీకి కాలానికి ఇన్నేండ్లు పట్టింది. నేను ఒక్క ఎకసెక్కంతోని చెప్పిన.