కనబడుట లేదు అనే మాట

ఎనభైల రెండో సగం. రాయచూరుకు ఉత్తరాన కృష్ణ ఒడ్డున థర్మల్ ప్లాంటు పొగగొట్టాలు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్న రోజులు. ప్లాంటు పనికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి చేరారు. కూలి చేతికందిన వారం ఊళ్లో టాకీసులన్నీ నిండేవి. నేనప్పుడు ఒక సినిమా పంపిణీ కంపెనీకి మా జిల్లా రిప్రజెంటేటివ్‌ని. రిప్రజెంటేటివ్ అంటే ప్రింటు డబ్బాల వెంట ఊరూరా తిరిగి, ఆట సరిగ్గా పడేలా చూసి, ఊళ్లో పబ్లిసిటీ చేయించేవాడు. మాది బజారులో బట్టల దుకాణం. దుకాణంలో కూర్చోక గోడలకు బొమ్మలంటించే పనికి పోయానని మా నాన్నకు చివరిదాకా బాధే.

ఒక ఎండాకాలం చివర మా చేతికి ఒక కామెడీ సినిమా వచ్చింది. పెద్ద హీరో లేడు, పేరున్న పాట లేదు. పెళ్లాం పోరు పడలేక ఒకడు మంగలి షాపులో సగం మీసం గొరిగించుకుంటుండగానే లేచి పారిపోతాడు. కథంతా అతణ్ని వెతకడమే. ఇలాంటి సినిమాకు పోస్టరు చూసి జనం రారు. ఊరు తనంతట తాను మాట్లాడుకునేలా ఏదో ఒకటి చెయ్యాలి.

ముందు టై-అప్ మొదలుపెట్టాం. టై-అప్ అంటే ఊళ్లోని వ్యాపారులతో కలిసి చేసే ప్రచారం. కటింగ్ షాపుల అద్దాలకు సగం మీసం బొమ్మలు అంటించాం. కుర్చీలో కూర్చున్నవాడికి అద్దంలో తన మొహానికే సగం మీసం కనిపించేది. షాపు వాళ్లకు ఫ్రీ పాసులు ఇచ్చాం. తర్వాత సర్కారు నోటీసు భాషలో కరపత్రాలు అచ్చువేయించాం. పైన పెద్ద అక్షరాలతో ‘కనబడుట లేదు’, కింద గుర్తులు: ఎడమవైపు మీసం కలదు, కుడివైపు లేదు. అదే మాట మైకు ఆటోలో వీధివీధికీ చెప్పించాం.

ఆ వేషం వేసుకుని తిరగడానికి హనుమంతు దొరికాడు. కవితాళ దగ్గరి పల్లె నుంచి వచ్చిన పగటివేషగాడు. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ అతని నాలుక మీద ఆడేవి. సగం మీసంతో, బెదురు చూపులతో బజారులో నక్కి నక్కి తిరిగేవాడు. ఎవరైనా అతణ్ని పట్టుకుని ‘నీ పెండ్లాం పిలుస్తుంది’ అంటే వాళ్లకు అక్కడికక్కడే పాసు. రెండు మూడు రోజుల్లోనే ఆ మాట ఊరంతా పాకింది. మీసమున్న ప్రతివాడినీ ఆటపట్టించడం మొదలైంది. సినిమా నిలబడింది.

అలాంటి ఒక మధ్యాహ్నం, మ్యాట్నీ మొదలైన తర్వాత, ఒకామె టాకీసు గేటు దగ్గరికి వచ్చి మైకు ఆటో ఎవరిదని అడిగింది. పేరు నర్సమ్మ, గిల్లేసూగూరు నుంచి వచ్చానంది. ఎండలో బస్టాండు నుంచి నడిచి వచ్చినట్టుంది, మొహమంతా చెమట. నేను కుర్చీ వేయించినా కూర్చోలేదు.

“అన్నా, మనిషి కనబడ్త లేడని మీరు మైకుల చెప్తున్నరంట గదా. మా ఇంటాయన గూడ కనబడ్త లేడు. ఆయన పేరు గూడ చెప్పండి,” అంది.

కొంగు ముడిలోంచి ఫోటో తీసింది. జాతరలో తీయించుకున్నది, వెనక రంగుల తోట ఉన్న పరదా. అందులో ఆమె పక్కన నిలబడినవాడు ఈరన్న. ప్లాంటు దగ్గర ఒక కాంట్రాక్టరు కింద పని చేసేవాడు. పోయిన వానాకాలం పనికని ఇంటి నుంచి బయలుదేరాడు, పనిలోకి వెళ్లలేదు. పోలీసు స్టేషన్లో రాసుకున్నారు. చుట్టాల ఊళ్లన్నీ ఆమే తిరిగి చూసింది.

మాది సినిమా కోసం చేసే తమాషా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అయినా చెప్పాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. మైకు నిజమే కదా, వినేటోళ్లు నిజమే కదా అంది. ఫోటో తీసుకుని, మర్నాడు పొద్దున రమ్మన్నాను.

మర్నాడు ఆమెను ఆటోలో కూర్చోబెట్టుకుని బయలుదేరాం. సినిమా మాట పక్కనపెట్టి ఈరన్న పేరు, ఊరు, వయసు, గుర్తులు చదివించాను. కూరగాయల మార్కెట్ దగ్గర ఆటో ఆపగానే జనం మూగారు. ‘కనబడుట లేదు’ అనగానే నవ్వు మొదలైంది. ఈయనకు మీసం ఏ దిక్కుందని ఒకడు అడిగాడు. ఈరన్నను నేను చూశానంటూ ఇంకొకడు తన స్నేహితుణ్ని ముందుకు తోసి, పాసు కోసం చేయి చాపాడు. ఇది నిజమని నేను మైకులో చెప్పేకొద్దీ ఇంకా నవ్వారు. బాగా చెప్తున్నాడని నన్నే మెచ్చుకున్నారు.

నర్సమ్మ మెల్లగా ఆటో దిగింది. నేను ఏదో సముదాయించబోయాను.

“వాళ్లను ఏమనకన్నా. ఆ మాటకు నవ్వాలని మీరే నేర్పిస్తిరి గదా,” అంది.

ఆమె మామూలుగానే అంది. ఆ మాటతో నేను మైకు కట్టేయించాను.

ఆ వారం తర్వాత ప్రింటు సింధనూరుకు పోవాలి. కాలువ కింద నాట్ల పనులు మొదలయ్యే కాలం. రైసు మిల్లులు, నాట్లు, బస్తాల మోత పనుల కోసం జిల్లా నలుమూలల నుంచీ కూలీలు అక్కడికి చేరతారు. ఈరన్న బతికుంటే అటువైపు పోయి ఉండవచ్చని నాకు తోచింది. ఫోటోతో ఒక స్లైడు చేయించి, నర్సమ్మను కూడా సింధనూరుకు రమ్మన్నాను. స్లైడు అంటే గాజుపలక మీద బొమ్మ, రాత దించి ఇంటర్వెల్లో తెర మీద చూపే ప్రకటన.

సింధనూరు టాకీసు మేనేజరు ఖాదర్ భాయ్ నాకు చాలాకాలంగా తెలిసినవాడు. స్లైడు చూసి తల అడ్డంగా ఊపాడు. “నవ్వనీకి వచ్చినోళ్లకు నడుమల గిది చూపిస్తే మళ్ల నవ్వుతరా విఠల్? మీ కంపెనీ వాళ్లకు తెలిస్తే నీ నౌక్రీ పోతది,” అన్నాడు. కంపెనీకి నేను చెప్పలేదని ఆయనకు అర్థమైంది. ఉద్యోగం సంగతి ఒక్కటే కాదు, స్లైడు చూసి కూడా జనం నవ్వుతారేమోనని నాకు భయం. నర్సమ్మను అలా రెండోసారి నిలబెట్టలేను.

సింధనూరు బజారులోనూ రెండు రోజులుగా అదే వేషంతో తిరుగుతున్న హనుమంతు అప్పటిదాకా గోడకానుకుని వింటున్నాడు. అతను ముందుకు వచ్చాడు.

“నవ్వించినోణ్ని నేను. ఊకోబెట్టేది గూడ నేనే చేస్త. ఆమెను లోపలికి పిలవకుండ్రి, బయటనే కూసోనీయుండ్రి,” అన్నాడు.

ఖాదర్ భాయ్ స్లైడును మళ్లీ ఒకసారి వెలుతురుకు పట్టి చూశాడు. తర్వాత ఆపరేటర్‌ను పిలిచి స్లైడు అతని చేతికిచ్చాడు.

ఆ రోజు మ్యాట్నీకి నేల టికెట్ల వైపు మనిషి దూరే సందు లేదు. ఇంటర్వెల్ పడగానే హనుమంతు తెర ముందుకు వెళ్లాడు. జనం గుర్తుపట్టారు. ‘నీ పెండ్లాం పిలుస్తుంది’ అని నాలుగు మూలల నుంచీ అరుపులు, ఈలలు. అతను కదలకుండా నిలబడ్డాడు. జేబులోంచి మంగలికత్తి తీసి, నీళ్లతో తడుపుకోకుండానే, ఉన్న సగం మీసం అందరి ముందే గొరిగేసుకున్నాడు. మొదట నవ్వారు. తర్వాత పై పెదవి మీద సన్నగా రక్తం కనిపించి నవ్వు తగ్గింది. తల రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

వేషం లేని ఆ మొహాన్ని నేను కూడా అప్పుడే చూశాను. నడివయసు మనిషి, అలసిపోయిన కళ్లు.

“వేషం అయిపాయె. ఇప్పుడు నేను చెప్పేది తమాషా కాదు. ఈ మనిషిది ఒక ఇల్లుంది. ఇంట్ల పొయ్యి ముట్టించేటామె బయట కూసున్నది. చూసినోళ్లుంటే చెప్పుండ్రి. చూడనోళ్లు ఊకె ఉండుండ్రి, చాలు,” అన్నాడు. అదే మాట కన్నడంలో, ఉర్దూలో కూడా చెప్పాడు.

తెర మీద ఈరన్న బొమ్మ పడింది. హాలంతా ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. స్లైడు ఉండాల్సిన దానికన్నా ఎక్కువసేపే ఉంచాడు ఆపరేటర్. రెండో సగం మొదలయ్యాక జనం నవ్వడానికి చాలాసేపు పట్టింది. అయినా నవ్వారు. ఖాదర్ భాయ్ తలుపు సందులోంచి అది చూసి ఊపిరి పీల్చుకున్నాడు.

ఆట విడిచాక తెల్లపంచె కట్టిన పెద్దాయన ఒకరు నా కోసం ఆగారు. పేరు సత్యనారాయణ గారు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొన్న రైతు. అలాంటివాళ్లు ఉండే ఊళ్లను అక్కడ క్యాంపులంటారు.

“ఏవండీ, ఆ మనిషి మా క్యాంపులోనే ఉన్నాడండీ. పేరడిగితే మల్లయ్యన్నాడు. బక్కచిక్కిపోయాడు గానీ, ఆ కళ్లు అవేనండీ. పదిమందినీ వేసుకుని రాకండి, బెదిరిపోతాడు. ఆవిణ్ని తీసుకుని మీరొక్కరే రండి,” అన్నారు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాం. దారిలో నర్సమ్మ అంతవరకూ చెప్పని సంగతి చెప్పింది. వాళ్లకొక ఆడపిల్ల. పోయిన వానలప్పుడు జ్వరంతో చనిపోయింది. అప్పుడు ఈరన్న ప్లాంటు దగ్గరి రేకుల షెడ్డులో ఉన్నాడు. వాగులు పొంగి కబురు ఆలస్యంగా అందింది. అతను ఊరు చేరేసరికి పిల్లను మట్టి చేసి వచ్చారు. ఆ తర్వాత ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. ఒకరోజు పనికి పోతున్నానని చెప్పి వెళ్లాడు.

నారుమడి గట్టు మీద ఈరన్న ఒంటరిగా నారు కట్టలు కడుతున్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. పారిపోతాడేమో అనుకున్నాను, పోలేదు. నేను అక్కడే ఆగిపోయాను. నర్సమ్మ గట్టు మీదుగా నడిచి వెళ్లి అతనికి కొంచెం ఎడంగా కూర్చుంది. వాళ్ల మాటలు నాకు వినబడుతూనే ఉన్నాయి.

“నిన్ను తోల్కపోనీకి రాలే. ఉన్నవో లేవో చూద్దామని వచ్చిన,” అంది.

అతను నారు కట్టను చేతిలో తిప్పుతూ అన్నాడు. “ఏ ముఖం పెట్టుకొని రావాలె? అది నన్ను అడిగిందంట గదా.”

“అడిగింది. నాయిన వస్తుండు, బస్సుల ఉన్నడు అని చెప్పిన. నమ్మింది. నమ్మినంకనే కండ్లు మూసింది.”

ఈరన్న చేతిలోని నారు కట్ట కింద పెట్టి, మొహం మోకాళ్ల మధ్య దాచుకున్నాడు. నర్సమ్మ అతని భుజం మీద చేయి వేసింది. నేను రోడ్డు మీదికి నడిచిపోయాను.

సాయంత్రం ఆమెను బస్టాండుకు తీసుకుపోదామని వస్తే, ‘నేను రాను, అన్నా’ అంది. అతను ఇంటికి రాలేకపోతే తానే ఇక్కడ ఉంటానని అత్తగారికి చెప్పమంది. సత్యనారాయణ గారి భార్య పశువుల కొట్టం పక్కన ఒక గది చూపించారు. నర్సమ్మ ఆ పంటకాలమంతా నాట్లు వేసింది, కలుపు తీసింది. ఆ తర్వాత ఇద్దరూ గిల్లేసూగూరుకు వచ్చేశారని హనుమంతు ఒకసారి చెప్పాడు. ఈరన్న కూలిన ఇంటి గోడ లేపుతుంటే చూశాడట.

ఆ సంఘటన తర్వాత కూడా నేను చాలాకాలం ఆ పనిలోనే ఉన్నాను. కొన్నేళ్లకు ఇంకో కామెడీ సినిమా వచ్చింది. హెడ్ ఆఫీసు నుంచి వచ్చిన కొత్త పబ్లిసిటీ మేనేజరు, ప్లాంటులో ప్రమాదం జరిగితే మోగే సైరన్ లాంటిదే ఒకటి ఆటోకు బిగించి ఊరంతా తిప్పుదామన్నాడు. జనం ఉలిక్కిపడి బయటికొస్తారు, అప్పుడు కరపత్రం పంచుదామని. వద్దన్నాను. ఇంత చిన్నదానికి ఎందుకు పట్టుబడుతున్నావని ఆయన విసుక్కున్నాడు. పాటలు పెట్టు, డప్పు కొట్టించు, వేషాలు వేయించు, ఏదైనా చేస్తాను, అది మాత్రం చేయనన్నాను.

ఆ సైరన్ వినగానే ఊళ్లో, ఇంటాయన ప్లాంటు పనికి పోయిన ఎవరో ఒకామె పొయ్యి దగ్గర నుంచి లేచి వాకిట్లోకి వస్తుంది. వచ్చి, చూసి, ఇదీ తమాషానే అనుకుని లోపలికి పోవడం ఒకసారి అలవాటైతే, నిజంగా మోగిన రోజున ఎవరు బయటికి వస్తారు?