ఊరికే చేసే పరీక్ష

పెద్దపేగులోకి గొట్టం పంపి చూసే పరీక్ష నాకు చేయించాలన్న కబురు మొదట తెచ్చింది మా వారే. ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు విప్పుకుంటూ, తల ఎత్తకుండా చెప్పారు.

"మీ అక్క ఫోన్ చేసింది. నలభై దాటాక ఒకసారి చేయించుకుంటే మంచిదట. రొటీన్. ఊరికే."

నాకు అక్కడే అనుమానం పుట్టింది. మేము అప్పుడు అమెరికాలో తూర్పు తీరాన పిస్కాటవేలో ఉండేవాళ్ళం, అక్క పడమటి వైపు చాండ్లర్‌లో. ఎనభైల్లో దూరాలకు ఫోన్ అంటే ఆదివారం మాటే. అదీ నాకు, ఇంటికి చేసేది. వారం మధ్యలో మా వారి ఆఫీసుకు చేయడమేమిటి? పైగా అంతకుముందే నాకు కడుపులో మంటగా ఉందంటే డాక్టరు రక్తం తీయించాడు. ఫలితం వచ్చాక మా వారే చూసి, "బాగానే ఉంది" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

మా ఇళ్ళల్లో పెద్ద జబ్బు వస్తే, జబ్బుపడ్డ మనిషికి తప్ప అందరికీ తెలుస్తుంది. నాన్నగారికి గొంతులో పుండు లేచినప్పుడు వైద్యుడు పెదనాన్నను పక్కకు పిలిచి చెప్పాడు. పెదనాన్న అమ్మకు చెప్పాడు, అమ్మ మా అక్కచెల్లెళ్ళకు చెప్పింది. నాన్నగారితో మాత్రం అందరం ఒకే మాట: "ఏం లేదు, వేడి చేసింది." మమ్మల్ని బడికి పంపకుండా తానే కూర్చోబెట్టి అక్షరం నేర్పిన మనిషి ఆయన. మా ముఖాలు చదవలేకపోయారని నేను ఎన్నడూ నమ్మలేదు. అందుకే "ఊరికే" అన్న మాట వినగానే నాకు అర్థమైపోయింది. ఇప్పుడు నా వంతు వచ్చింది, అందరికీ తెలుసు, నాకే చెప్పడం లేదు.

ఇక ఇంట్లో ప్రతిదీ సాక్ష్యంలాగే కనబడింది. పరీక్ష ముందురోజు ఘనాహారం ఏమీ తినకూడదు. మంచినీళ్ళు కూడా ముంచుకోని మా వారు పొద్దున్నే చారు కాచి, గుడ్డలో వడగట్టి, తేట మాత్రం గ్లాసులో పోసి తెచ్చారు. ఉప్పు ఎక్కువైంది. అయినా దణ్ణం పెట్టుకుని తాగాను. ఆయన చేతి వంట తినే భాగ్యం పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

డాక్టరుగారు తీసుకోవచ్చని చెప్పినవాటిలో కోడిని ఉడికించిన నీళ్ళు ఉన్నాయి, రంగురంగుల జెల్లీ ఉంది. నా ఇంగ్లీషంతా కిరాణా కొట్లో డబ్బాల మీద చదివి నేర్చుకున్నదే. జెల్లీలో పడేది ఎముకల సారమని అలాగే తెలుసుకున్నాను. అవి రెండూ పక్కన పెట్టి, ఆపిల్ రసంతో సరిపెట్టుకున్నాను. మధ్యాహ్నం పేగు కడిగే మందున్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా నా ముందుకు వచ్చింది. అడుగున తెల్లటి పొడి, దాని మీద నిండా నీళ్ళు పోసి కలపాలి. డబ్బాను నాలుగు వైపులా తిప్పి చదివాను. లవణాలే, జంతువు లేదు. కృష్ణార్పణం అనుకుని మొదటి గ్లాసు ఎత్తాను. సముద్రపు నీళ్ళలో సబ్బు కలిపినట్టుంది.

కాసేపటికి మొదలైంది. కూర్చోవడం, లేవడం, మళ్ళీ పరుగు. బాత్రూమ్ తలుపు అవతల నుంచి మా అమ్మాయి గొంతు.

"అమ్మా, ఆర్ యూ ఓకే?"

"బతికే ఉన్నాను. నువ్వు చెప్పకుండానే అంట్లు తోముతున్నావెందుకు?"

"నాన్న చెయ్యమన్నారు."

"ఎందుకు చెయ్యమన్నారు?"

"బికాజ్ యూ లివ్ ఇన్ దేర్ నౌ, అమ్మా!"

నవ్వు వచ్చింది, కానీ అనుమానం పోలేదు. సాయంత్రం దీపం పెట్టి మా వారిని పిలిచాను.

"ఏవండీ, ఈ దీపం ముందు చెప్పండి. నాకేమైనా ఉందా?"

"నీకేం లేదు."

"ఒట్టు?"

"ఒట్టు. నీకేం లేదు."

ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. కానీ అంటూనే కళ్ళు తుడుచుకున్నారు. ఏమీ లేకపోతే ఏడుపెందుకు? మిగిలిన ఆ నీళ్ళు, ఇదే నా ఆఖరి ప్రాయశ్చిత్తం అనుకుంటూ, చుక్క మిగల్చకుండా తాగేశాను.

మర్నాడు మత్తు దిగేసరికి డాక్టరుగారు నా మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. మా వారితో కాదు, నాతోనే మాట్లాడాడు.

"పేగు చక్కగా ఉంది. చిన్న కణితి కూడా లేదు."

"నిజం చెప్పండి. నాకు చెప్పవద్దని మా వాళ్ళు అన్నారా?"

ఆయన తెల్లబోయాడు. "మీకు చెప్పక ఎవరికి చెబుతాను? మీ అక్కగారికి పేగులో క్యాన్సర్ వచ్చింది కాబట్టే కదా ముందుగా మిమ్మల్ని చూశాం. ఆవిడ ఆపరేషన్ ఎప్పుడు?"

మా వారు కిటికీ వైపు తిరిగారు.

నేను పట్టుకున్నదంతా నిజమే. దాచారు, అందరూ కలిసే దాచారు. జబ్బు మనిషి ఎవరన్న విషయంలోనే పొరబడ్డాను.

ఇంటికి రాగానే ఫోన్ చేశాను. అక్క హలో కూడా అనలేదు.

"ఉందా, లేదా?"

"లేదు."

అవతల ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది. "అమ్మయ్య. నీకు లేదని తేలేదాకా ఆపరేషన్‌కి డేట్ ఇవ్వనన్నాను. మీ బావ పోట్లాడుతున్నాడు."

"ఎంత మోసం చేశావే అక్కా!"

"చెబితే పరీక్ష మానేసి విమానం ఎక్కేదానివి. సర్లే, ఆ నీళ్ళు మొత్తం తాగావా?"

"చుక్క మిగల్చలేదు."

"పిచ్చిదానా! నేను సగం సింకులో పోశాను. పేగు కనబడక మళ్ళీ మొదటి నుంచి తాగించారు."

ఇద్దరం నవ్వాం. తర్వాత ఇద్దరమూ ఏడ్చాం. ఆ వారమే విమానం ఎక్కాను. ఆపరేషన్ బల్ల దాకా దాని చెయ్యి పట్టుకునే నడిచాను.

ఆ తర్వాత దేవుడు దాన్ని రెండు వేసవులు మా మధ్య ఉంచాడు. అడగకుండా ఇచ్చినవి, అందుకు ఆయనకు రుణపడ్డాను. నాకు మళ్ళీ మళ్ళీ పరీక్షలు చేశారు, ఇంతవరకూ ఏ దోషమూ లేదు. మీలో ఎవరైనా ఆ ఉప్పునీళ్ళ గ్లాసు చేత్తో పట్టుకోవలసి వస్తే, తన కోత వాయిదా వేసుకుని నన్ను ముందుకు తోసిన మా అక్కను ఒక్కసారి తలుచుకోండి.