యేసుపాదం గారు రాయని అబద్ధం

యేసుపాదం గారు ఇక లేరు. మొన్న మంగళవారం పొద్దున్న, తాడేపల్లిగూడెంలోని నా స్టూడియోలో ఎవరిదో పెళ్ళి వీడియో కత్తిరిస్తూ ఉండగా ఆకివీడు నుంచి ఫోనొచ్చింది. గుండెపోటట. తెర మీద పెళ్ళికూతురు తలంబ్రాలు పోస్తూనే ఉంది; ఆపాలన్న స్పృహ కూడా లేక అలాగే కూర్చుండిపోయాను. ఆయన ఉంటారులే అన్న ధీమాతో ఒక పనిని ఇన్నేళ్ళుగా వాయిదా వేస్తూ వచ్చానని అప్పుడు తెలిసింది.

ఆయన ఆకివీడులో ఒక సినిమా హాలు గేటు మనిషి. ఈ చుట్టుపక్కల సినిమా వాళ్ళు ఆయనంటే భయపడింది మాత్రం టిక్కెట్లు చింపినందుకు కాదు. ఆట వదిలాక జనం బయటికొచ్చే దారిలో నిలబడి, "ఎలా ఉందండీ?" అని ఒకే ఒక్క ప్రశ్న వేసేవారు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు చేతిపుస్తకంలో రాసుకునేవారు. సోమవారం పొద్దున్నే ఆ అభిప్రాయాల సారాంశం ఒక పోస్టుకార్డు మీద ఏలూరుకు, సినిమా రీళ్ళ పెట్టె పంపిన డిస్ట్రిబ్యూటరు ఆఫీసుకు వెళ్ళేది. ఆ పెట్టె తరువాత ఏ ఊరు వెళ్ళాలో, అసలు వెళ్ళాలో వద్దో వాళ్ళు ఆ కార్డు చూసి తేల్చుకునేవారు. సత్యనిష్ఠ గురించి పుస్తకాల్లో చదివాను గానీ, దాన్ని ఖాకీ చొక్కాలో చూసింది ఆయనలోనే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేనొక సినిమా తీశాను. ఉగ్రవాదం మీద యాక్షన్ థ్రిల్లర్. బడ్జెట్టు ఎంత స్వల్పమంటే, ఉగ్రవాదుల స్థావరం మా తాడేపల్లిగూడెంలో మేనమామ గారి ఉల్లిపాయల గోడౌను; దేశ సరిహద్దు కొల్లేటి పక్కన చేపల చెరువు గట్టు. అది ఏలూరులో ఆడితే రెండో సినిమాకు ఎవరైనా ముందుకొస్తారు, ఆడకపోతే నా దర్శకత్వం అక్కడితో సరి. ఏలూరు వెళ్ళాలంటే ముందు ఆకివీడు కార్డు బాగుండాలి.

ఆకివీడులో నా సినిమా పడిన ఆదివారం మాట్నీ నాకిప్పటికీ కలలాగే ఉంటుంది. హాలు తలుపులు తెరుచుకోగానే చీకట్లోంచి ఎండలోకి వచ్చిన జనం కళ్ళు చికిలించుకుంటూ, ఏ లోకంలో ఉన్నదీ తెలియనట్టు ఒక్క క్షణం ఆగిపోయారు. కొల్లేటి మీది తడిగాలి వాళ్ళ ముఖాలకు తగిలింది. సరిగ్గా అప్పుడే అడగడం మొదలుపెట్టారు యేసుపాదం గారు. "మెలకువ పూర్తిగా రాకముందు మనిషి అబద్ధమాడలేడండీ," అనేవారు.

"సరిహద్దంటాడేంటండీ! అది మా మండవల్లి చెరువండీ. ఎనకాల కర్రలకి చేపల మేతకి కట్టే తవుడు సంచులు ఏలాడతన్నాయి కదండీ," అన్నాడొక రైతు. "హీరో దేశం కోసం ఏడుస్తున్నాడనుకున్నామండీ. చూస్తే చుట్టూ ఉల్లిపాయలు," అన్నారొక మాస్టారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇక లాభం లేదని తలకు తువ్వాలు చుట్టుకుని నేనూ జనంలో కలిసి గేటు దాకా వచ్చాను. "ఎలా ఉందండీ?" అన్నారాయన. "అద్భుతం!" అన్నాను గొంతు మార్చి. ఆయన తల ఎత్తకుండా రాసుకున్నారు.

నా వెనకే చేపల షెడ్డులో పనిచేసే ఒక పెద్దావిడ వచ్చింది. "బాంబుల సంగతి నాకు తెల్దు బాబూ. ఆ బస్సులో ఆవిడ టిపిను డబ్బా మూత తీసింది, ముద్ద నోట్లో పెట్టనే లేదు. ఈలోపే పేలిపోయింది. ఆ అన్నం ఏ పొద్దున లేచి వండుకుందో!" అంది. నిడివి చాలక అతికించిన ముక్క అది, నాకే గుర్తులేదు. యేసుపాదం గారు రాయడం ఆపి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తరువాత నా వైపు తిరిగి, "మీరు తీయాల్సింది ఆ డబ్బా ఆవిడ కథండీ," అన్నారు.

కథల మాట వినే స్థితిలో లేను. జనం పల్చబడ్డాక ఆయన చేతులు పట్టుకున్నాను. "'బాగుంది' అని ఒక్క ముక్క రాయండి. నా బతుకు మీ కార్డు మీద ఉంది."

ఆయన చేతిపుస్తకం మూశారు. "ఇవాళ మీ కోసం అబద్ధం రాస్తాననుకోండి. రేపు మీరు నిజంగా మంచి సినిమా తీసినప్పుడు, బాగుందని నేను రాస్తే ఎవరు నమ్ముతారండీ?"

"మీరు గేటు మనిషా, యముడా?" అని అరిచాను. "టీ తాగుదాం రండి," అన్నారాయన. నేను వెళ్ళలేదు. కార్డు వెళ్ళింది, పెట్టె వెనక్కి తిరిగింది, ఏలూరు గోడల మీద నా పోస్టరు పడనే లేదు.

రెండేళ్ళు ఆ ఊరి ముఖం చూడలేదు. ఒకనాడు ఆయనే రైలెక్కి గూడెం వచ్చి, నా స్టూడియో గుమ్మంలో నిలబడ్డారు. "మా అమ్మాయి పెళ్ళి వీడియో మీరే తీయాలండీ," అన్నారు. కోపం ఎటు పోయిందో తెలియదు. అది మొదలు కలిసినప్పుడల్లా, "రెండోది ఎందాకా వచ్చిందండీ?" అని అడిగేవారు. "రాస్తున్నానండీ," అనేవాణ్ణి. ఒక్క అక్షరం రాయలేదు. నాకు ఒక్క అబద్ధమూ చెప్పని మనిషికి నేను ఏళ్ళ తరబడి అదే అబద్ధం చెప్పాను, అది తలుచుకుంటే సిగ్గేస్తోంది.

సమాధుల తోటలో ప్రార్థన ముగిశాక ఆయన భార్య కరుణమ్మ గారు ఒక పాత చేతిపుస్తకం నా చేతిలో పెట్టారు. "ఇది మీకిమ్మని ఎప్పుడో చెప్పారండీ," అన్నారు. నా సినిమా పేజీ తెరిచాను. తవుడు సంచులున్నాయి, ఉల్లిపాయలున్నాయి. వాటి కింద, "తలగుడ్డ చుట్టుకున్న డైరెక్టరు గారు: అద్భుతం" అని ఉంది. అంత దుఃఖంలోనూ నవ్వొచ్చింది.

ఎదుటి పేజీ పైన అదే గుండ్రని చేతిరాతలో ఇలా ఉంది: "డైరెక్టరు గారి రెండో సినిమా. డబ్బా మూత తీసినావిడ." కింద ఏమీ లేదు. పుస్తకం మొత్తంలో ఆయన ఖాళీగా వదిలింది ఆ ఒక్క పేజీనే.

యేసుపాదం గారూ, ఆనాడు ఆ అబద్ధం రాయనందుకు మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న కథ మొదలుపెట్టాను. ఈసారి ఇది నిజమండీ. అది బాగా వస్తే, బాగుందని రాసి లోకాన్ని నమ్మించగల చెయ్యి మాత్రం ఇక లేదు.